ఒకే పుస్తకం మీద రెండు పేర్లు

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నేను నా సాక్ష్యం కూర్చునే చెబుతాను, తప్పుగా అనుకోకండి, పాస్టరు అయ్యగారు కుర్చీ వేయించారు, వారికి దేవుడు మేలు చేయును గాక. తెల్లవారగానే కంపెనీ వ్యాను ఎక్కి పోదనూరు నుంచి అవినాశి దాకా పోయి, బనియన్ కంపెనీలో పొద్దస్తమానం నిలబడి కుట్టిన బట్టలో తప్పులు వెతికే పని నాది, ఆదివారం వచ్చిందని ఈ కాళ్లకు తెలియదు! ఎస్తేరుకు ముక్కు మీదే కోపం అని మీరు అనుకునేది కూడా నాకు తెలుసు. కోపం ఉంది, లేదనను. కానీ అందులో సగం కోపం కాదమ్మా, అలసట.

నా చీకటి దినాలు మొదటి కాన్పుతో మొదలయ్యాయి. ఏడో నెల దాకా మన పేట ఆస్పత్రిలోనే చూపించుకున్నాను. అప్పట్లో కడుపుతో ఉన్నవాళ్లను చూసే గది ఒకటి, ఒక జబ్బుకు, దాని పేరు తర్వాత చెబుతాను, రక్తం తీసే గది వేరే బిల్డింగులో, దానికి వేరే రోజు, చీటీ రాసిచ్చి పంపేవాళ్లు. ఈ వారం వ్యాను తప్పుతుంది, వచ్చే వారం పోదాం, ఆ పై వారం పోదాం అని నేను జరుపుతూ ఉంటే, ఇంతలో మనవాళ్లు గాజులు తొడిగే ముహూర్తం పెట్టేశారు, మొదటి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలి కదా, గాజుల చేతులతో పొల్లాచ్చి దగ్గర మా అమ్మ ఊరికి పోయాను. అక్కడి ఆస్పత్రిలో నా పుస్తకం చూసి, ఏడు నెలలు సిటీలో చూసుకున్న బిడ్డ కదా, అన్నీ అయ్యే ఉంటాయి అన్నారు. ఇక్కడివాళ్లు అక్కడ తీస్తారనుకున్నారు, అక్కడివాళ్లు ఇక్కడ తీసేశారనుకున్నారు, నా రక్తం మాత్రం నా ఒంట్లోనే ఉండిపోయింది! ఎవరినీ తప్పు పట్టడం లేదు, ఆ చీటీ మడిచి జాకెట్లో పెట్టుకున్నది నేనే.

ఆ పాప పది నెలలు బతికింది సహోదరులారా. పాలు తాగేది, కక్కేది, విరేచనాలు, జ్వరం, తగ్గడం, మళ్లీ జ్వరం. దిష్టి అన్నారు, పాలు పడలేదన్నారు, మీరందరూ వచ్చి ప్రార్థన చేశారు, నేను మరిచిపోలేదు. పదో నెలలో పోయింది. మా ఆయన దేవరాజ్ గూడ్స్ షెడ్డులో మూటలు మోసే మనిషి, అంత బరువు మోసే చేతులతో ఆ చిన్న పెట్టెను పట్టుకోలేక పక్కవాళ్లకు ఇచ్చేశారు. కొన్ని నెలలకు ఆయనకు దగ్గు పట్టుకుంది, టీబీ అన్నారు, రక్తం చూశారు, తర్వాత నా రక్తం చూశారు. అప్పుడు తెలిసింది మా పాప ఎందుకు పోయిందో.

హెచ్ఐవి. ఈ మాట ఈ మందిరంలో ఇంతకుముందు ఎవరూ అని ఉండరు, నేను అంటున్నాను. అయ్యగారికి ముందే చెప్పాను, ఆయన చెప్పమ్మా అన్నారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అని మాత్రం అడగకండి. మా ఆయనా నేనూ ఆ విచారణ ఒక ఏడాది చేసి, ఒకరినొకరు పొడుచుకుని పొడుచుకుని, చివరికి ఇద్దరమూ అలసిపోయి మానేశాం.

ఇప్పుడు నేను చేసిన పిచ్చి పని చెబుతాను, వినండి. మన ఇళ్లలో ఎక్కువమందికి రెండు పేర్లు కదా. సర్టిఫికెట్లో హిందూ పేరు ఉంటేనే బడిలోనూ పనిలోనూ మనకు రావలసింది వస్తుందని మా నాయన నన్ను బడిలో చేర్చేటప్పుడు లక్ష్మి అని రాయించారు. బాప్తిస్మం పేరు ఎస్తేరు. ఆధారులో లక్ష్మి, మందిరంలో, ఇంట్లో, వీధిలో ఎస్తేరు. మనకిది మామూలు సంగతి, ఇందులో దాచేది ఏమీ లేదు. నేను దాచడానికి వాడుకున్నాను! మాత్రలిచ్చే పెద్ద ఆస్పత్రిలో ఆధారు అడిగితే లక్ష్మిగా నమోదయ్యాను. మన పేట ఆస్పత్రిలో నర్సు సెల్వి అక్క, ఈ తమిళ ఊళ్లో మన తెలుగు మాట్లాడే మనిషి, నేను కోడలిగా వచ్చిన రోజు నుంచి నన్ను ఎస్తేరు అనే పిలుస్తుంది, అక్కడి పుస్తకంలో ఎస్తేరు. ఈ ఆస్పత్రికి ఆ ఆస్పత్రి సంగతి తెలియకూడదు, ఆ ఆస్పత్రికి ఈ ఆస్పత్రి సంగతి తెలియకూడదు, అదే నా తెలివి. మూడేళ్లు అలాగే గడిపాను. రెండు బస్సులు మారి పెద్ద ఆస్పత్రికి పోవడం, ఆ వెనక వరండాలో తెలిసిన ముఖం కనబడితే కొంగు కప్పుకోవడం, కంపెనీలో మా అమ్మకు బాగాలేదని అబద్ధం చెప్పడం. మా అమ్మకు ఎన్నిసార్లు జబ్బు చేయించానో నాకే గుర్తు లేదు, ఆమె మాత్రం అక్కడ పొల్లాచ్చిలో రాయిలా ఉంది, దేవునికి స్తోత్రం!

అలా ఉండగా నేను మళ్లీ నెల తప్పాను. లక్ష్మికి జబ్బు, ఎస్తేరుకు కడుపు! రెండూ మోయవలసిన ఒళ్లు ఒక్కటే.

రెండో నెలలో వాంతులు మొదలయ్యాయి. మాత్ర మింగితే పావుగంటలో బయటికి వచ్చేది. మొదటి పాప ముఖం కళ్ల ముందు నుంచి పోయేది కాదు, ఇంత ఘాటైన మాత్ర కడుపులో బిడ్డకు విషం కాదు కదా అని భయం పట్టుకుంది. ఒక్క ప్రశ్న సహోదరులారా, ఒకే ఒక్క ప్రశ్న, ఈ మాత్ర మింగితే నా బిడ్డ బతుకుతుందా, మానేస్తే బతుకుతుందా? అది అడగడానికి నాకు చోటు లేదు. పెద్ద ఆస్పత్రిలో అడగాలంటే కడుపు సంగతి చెప్పాలి, మొదటి పాప పోయిందని చెప్పినప్పుడు అక్కడ వరుసలో ఎవరో ఒకామె, ఇంక మీకు పిల్లలెందుకమ్మా అని అనేసింది, ఆస్పత్రి మనిషి కూడా కాదు ఆమె, నాలాంటి రోగే, కానీ ఆ మాట నా చెవిలోంచి పోలేదు. మన పేట ఆస్పత్రిలో అడగాలంటే మాత్ర సంగతి చెప్పాలి, అక్కడ బెంచీ నిండా మన వీధి ఆడవాళ్లే. నేను ఎవరినైనా ఎదురు తిట్టగలను, మీకు తెలుసు. కానీ ఆ ప్రశ్న నోట్లోంచి రాలేదు.

మనుషులను అడగలేక దేవుణ్ణి అడిగాను. వంటింట్లో చెంబు పట్టుకుని నిలబడి అడిగాను. "ప్రభువా, మింగమంటావా, వద్దంటావా? ఒక్క మాట చెప్పు. ఒక పాపను నీకు ఇచ్చేశాను కదా, దీన్నైనా నాకు వదిలిపెట్టు. నాకు పెద్ద విశ్వాసం లేదు, నీకు తెలుసు. నాకు ఓపిక కూడా లేదు." ఆయన ఏమీ చెప్పలేదు. నాలుగో నెల దాకా చూసి, చెప్పలేదు కాబట్టి వద్దన్నాడు అని నాకు నేనే అర్థం చెప్పుకుని మాత్రలు మానేశాను. అయిదు వారాలు! మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన రోజూ తన మాత్ర మింగి, నీది అయిందా అంటే, అయింది అనేదాన్ని.

మా అత్తకు ఈ సంగతులేవీ తెలియవు, మా ఇద్దరివీ బలం మాత్రలు అనుకునేది. పాపం, కంచం పట్టుకుని నా వెనకే తిరిగేది. "కణ్ణూ, ఒక్క వాయి అన్నం తిను, ఉత్త కడుపుతో అంతసేపు ఎట్ల నిలబడేది?" అని ముద్దు చేసి బతిమాలేది. ఆమెకు కూడా జవాబు చెప్పే ఓపిక లేక, పో అత్తా అని కసిరేదాన్ని.

అయిదో నెలలో ఒక మంగళవారం, మన పేట ఆస్పత్రిలో గర్భిణుల రోజు, ఈసారి కూడా ఏదో చెప్పి ఆ రక్తం పరీక్ష తప్పించుకుందామని పోయాను. పోయి చూస్తే గది మారిపోయి ఉంది. వేరే బిల్డింగులో ఉండే రక్తం తీసే బల్ల ఇక్కడికే వచ్చేసింది, షుగరుకూ రక్తహీనతకూ తీసే ఒక్క పోటుతోనే ఆ జబ్బుకు కూడా చూసేస్తున్నారు, పిల్లలు ఇంక వద్దనుకునేవాళ్లతో మాట్లాడేది కూడా అక్కడే, చివరన తెర కట్టారు, ఒక్కొక్కరినీ తెర వెనక్కి పిలుస్తున్నారు. మెల్లగా గేటు వైపు తిరిగాను. సెల్వి అక్క కళ్లకు ఏదీ తప్పదు కదా.

"ఏడికి పోతా ఉండావు ఎస్తేరూ? ఇంగ చీటీ లేదు, ఆ బిల్డింగు లేదు, అన్నీ ఈడనే. పోయి బెంచీలో కూర్చో," అంది.

కూర్చున్నాను. కూర్చుని ఏమని ప్రార్థించానో తెలుసా? నన్ను స్వస్థపరచు అని కాదు. "ప్రభువా, నన్ను ఈ బెంచీ మీద నుంచి లేపు. వీళ్ల కళ్లు గప్పి నన్ను బయటికి తీసుకుపో. ఇంక నిన్ను ఏమీ అడగను." ఆయన లేపలేదు! ముందు రోజు కంపెనీలో అర్జెంటు ఆర్డరని రెండు షిఫ్టులు నిలబడ్డాను, ఒక్కసారి కూర్చున్న తర్వాత ఆ కాళ్లు నా మాట వినలేదు. విశ్వాసంతో అక్కడ ఉండిపోయానని మీకు చెప్పను, అది అబద్ధమవుతుంది. లేవడానికి బలం లేక ఉండిపోయాను. నేను పారిపోకుండా దేవుడు పట్టి ఉంచింది ఆ బలహీనతతోనే, ఆయన జ్ఞానానికి స్తోత్రం!

నా వంతు వచ్చింది. తెర వెనక సెల్వి అక్క ఒక్కతే. వేలు పొడిచింది, రక్తం చుక్క ఒక చిన్న పట్టీ మీద వేసి కాసేపు ఆగింది, దాని మీద గీతలు చూసింది, తర్వాత నా ముఖం చూసింది. నేను ఆశ్చర్యపోలేదని ఆమెకు అర్థమైపోయింది.

"ఎన్నాళ్లుగా తెలుసు నీకు?" అంది.

"మూడేళ్లక్కా."

"మాత్ర?"

"అయిదు వారాలుగా లేదు."

ఆమె తిట్టింది సహోదరులారా, మెత్తగా మాట్లాడింది అని మీకు చెబితే మీరే నమ్మరు. "పిచ్చిదానా, బుద్ధి ఉండాదా నీకు?" అని పళ్లు బిగబట్టి, బయట ఎవరికీ వినబడకుండా తిట్టింది. తిడుతూనే నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు నా నోట్లోంచి ఆ ప్రశ్న వచ్చింది. "అక్కా, ఆ మాత్ర బిడ్డకు విషమా?"

"విషం కాదు కణ్ణూ. మాత్ర మానేస్తేనే బిడ్డకు భయం. రోజూ మింగితే నీ నుంచి బిడ్డకు పోకుండా అదే అడ్డం నిలబడతది. నీకూ అదే, బిడ్డకూ అదే," అంది.

అంతే! మూడు నెలలుగా నేను ఆకాశం వైపు చూసి అడిగిన దానికి జవాబు ఆ తెర వెనక ఉంది. ఎంత ఏడ్చానో. ఏడుస్తూ రెండు పేర్ల సంగతి కూడా చెప్పేశాను. ఆమె నుదురు కొట్టుకుంది. పెద్ద ఆస్పత్రికి ఫోను చేసి అక్కడి డాక్టరమ్మతో మాట్లాడింది, వాళ్లూ నన్ను ఒక్క చెడ్డ మాట అనలేదు, ఆ రోజే పెద్ద ఆస్పత్రికి రమ్మని, చూసి, మాత్ర మళ్లీ మొదలు పెట్టించారు. సెల్వి అక్క ఒక కొత్త పుస్తకం తీసి, పైన లక్ష్మి అనే ఎస్తేరు అని రాసింది. ఆ పేరు చూసుకుంటే నాకు సిగ్గు వేసింది, కానీ ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టు కూడా అనిపించింది.

బయటికి వస్తే బెంచీ మీద మన వీధి ఆడవాళ్లు ఎప్పటిలాగే ఉన్నారు. ఒకామె నన్ను చూసి, ఏడ్చావా, రక్తం తక్కువని తిట్టిందా, నన్నూ తిట్టింది అంది. తెర వెనక్కి అందరూ పోతారు, అందరూ అంతే సేపు ఉంటారు, ఎవరు దేనికి పోయారో ఎవరికీ తెలియదు. దేనికి భయపడి నేను మూడేళ్లు రెండు బస్సులు మారానో, అది ఆ గదిలో జరగనే లేదు. అప్పటి నుంచి ప్రతి నెలా ఒక మంగళవారం, ఒకే బెంచీ, ఇనుము మాత్ర, ఆ మాత్ర, కడుపు చూడటం, అన్నీ అక్కడే. మా అమ్మ జబ్బు కూడా నయమైపోయింది!

నెలలు నిండాయి, రక్తంలో క్రిమి బాగా తగ్గిపోయిందన్నారు, పెద్ద ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. పుట్టిన రోజు నుంచీ దానికి ఒక మందు పోయాలి, ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దన్నారు, నా పాలతో పాటు వేరేవి కలిస్తే బిడ్డకు ప్రమాదం ఎక్కువ అని చెప్పారు. ఇంటికి వచ్చామో లేదో మా అత్త చక్కెర నీళ్లు కలుపుకుని వచ్చింది. మన వాడుక తెలుసు కదా, పెద్దవాళ్లు బిడ్డ నాలుక మీద చక్కెర నీళ్లు పెట్టాలి, పెట్టినవాళ్ల గుణం బిడ్డకు వస్తుంది, దాన్ని సేనె అంటాం. ఆమె ఎన్నేళ్లుగా ఎదురుచూసిందో ఆ చుక్క కోసం! మొదటి పాపకు మా అమ్మే పెట్టేసిందని ఆమెకు లోపల ఉండనే ఉంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె ముఖం మాడిపోయింది. నా గుణం నీ బిడ్డకు పనికిరాదా అంది.

అప్పుడు చెప్పాను. మంచం మీద కూర్చుని, అంతా, మొదటి పాప సంగతితో సహా చెప్పాను. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు. మా అత్త గిన్నె తీసుకుపోయి ఆ నీళ్లు తులసిలో కాదు, మనకు తులసి లేదు కదా, మా కరివేపాకు మొదట్లో పోసింది. తిరిగి వచ్చి గుమ్మంలో చాప వేసుకుని కూర్చుంది. ఆ వారం చూడటానికి వచ్చిన చుట్టాలందరితో, చక్కెర పొట్లాలతో వచ్చినవాళ్లతో కూడా, ఏమనేది తెలుసా? "సేనె నేనే పెట్టేసినా, నా గుణమే వచ్చేసింది, ఇంగ ఎవురూ పెట్టేది లేదు, ఊరికే చూసి పోండి!" అబద్ధమే, దేవుడు క్షమించును గాక. నా జీవితంలో నా కోసం ఎవరూ అంత గట్టిగా కాపలా కాయలేదు.

ఇంకొక మాట చెప్పాలి, అయ్యగారు ముఖం అలా పెట్టినా సరే. బిడ్డకు నెలన్నర నిండినప్పుడు అదే తెర వెనక సెల్వి అక్క అడిగింది, ఇంకొక బిడ్డ కావాల్నా, ఆపరేషనా, కొన్నాళ్లు ఆగాల్నా, నువ్వే చెప్పు అని. నాకేం కావాలో నన్ను అడిగింది! అలా ఎవరైనా అడగడం నాకు అలవాటు లేదు కదా. ఇంటికి పోయి మా ఆయనతో మాట్లాడి, పై నెల ఆపరేషను చేయించుకున్నాను. అది కూడా నాకు విడుదలే.

కానీ భయం పోలేదు. నెలన్నరకు ఒక పరీక్ష, ఆరో నెలలో ఒకటి, పాలు మాన్పించాక ఒకటి, అన్నిటిలోనూ లేదు అనే వచ్చింది, అయినా పద్దెనిమిది నెలలు నిండాక చేసే పరీక్ష అయ్యేదాకా గట్టిగా చెప్పలేం అన్నారు. ఏడాదిన్నర, నా బిడ్డ తుమ్మితే నాకు ప్రాణం పోయేది. ఒక విరేచనం అయితే ఆ పది నెలలూ మళ్లీ నా మీదికి వచ్చి కూర్చునేవి. ప్రార్థన కూడా చిన్నదైపోయింది. "ప్రభువా, చూడు," అంతే.

పోయిన మంగళవారం ఆ ఆఖరి పరీక్ష ఫలితం చెప్పారు. నా బిడ్డకు లేదు! సెల్వి అక్క ఆ కాగితం నా చేతిలో పెట్టి, లేదు కణ్ణూ, ఇంగ లేదు అంది. దేవునికే మహిమ! అల్లేలూయా అని అరుస్తాననుకున్నాను, ఏడుస్తాననుకున్నాను, ఏదీ రాలేదు. నిద్ర వచ్చింది. ఆ బెంచీ మీదే, మన వీధి ఆడవాళ్ల మధ్య, పాపను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని నిద్రపోయాను. వాళ్లు నన్ను లేపలేదు.

స్వస్థత పొందాను అని చెప్పు, సంఘం బలపడుతుంది అని కొందరు ప్రేమతో అన్నారు. నేను చెప్పను. నా ఒంట్లో జబ్బు ఉంది, మా ఆయన ఒంట్లో ఉంది, ఈ పొద్దున కూడా మాత్ర మింగే వచ్చాను. మొదటి పాప రోజుల్లోనే అన్నీ ఒక్క గదిలో ఉండి ఉంటే ఈరోజు నాకు ఇద్దరు పిల్లలేమో, ఆ మాట దేవునితో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నాడు. అయినా ఆయన నన్ను విడిచిపెట్టలేదు, నేను పరుగెత్తలేని రోజున నన్ను కూర్చోబెట్టి కాపాడాడు, నా బిడ్డను బతికించాడు, అందుకు నా ప్రాణం ఉన్నంత వరకు కృతజ్ఞతలు.

ఇంతకాలం నోరు విప్పనిదాన్ని ఈరోజు ఎందుకు చెబుతున్నాను అంటే, ఆ మంగళవారం నేను కళ్లు తెరిచేసరికి ఆస్పత్రి గేటు దగ్గర మన సంఘపు చెల్లెలు ఒకామె నిలబడి ఉంది. కడుపుతో ఉంది. బెంచీ మీద నన్ను చూసింది, చూసి గిరుక్కున వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ నడక నాకు తెలుసు. నీ పేరు చెప్పను తల్లీ, నీ వైపు చూడను కూడా, నువ్వూ తల ఎత్తవద్దు. మందిరం మనిషి చూసేసింది, ఇంక అందరికీ తెలిసిపోతుంది అని నా వల్ల భయపడ్డావు. ఇప్పుడు నా సంగతే అందరికీ చెప్పేశాను, ఇంక నన్ను చూసి నువ్వు భయపడేది ఏముంది? ఈ మంగళవారం కూడా సెలవు పెట్టాను. తొమ్మిది గంటలకు అక్కడే ఉంటాను. వచ్చి నా పక్కన కూర్చో, నీ వంతు వచ్చేదాకా నేను నీతోనే ఉంటాను.